నొక్కు

ఆ మాట రాయబోతే
ఒక్క అక్షరం కింద రెండు ఒత్తులు ఇరుక్కుంటాయి.
కన్‌స్ట్రిక్షన్.
పలకబోతే మూడు హల్లులు
ఒకేసారి గుమ్మం దాటబోయి భుజాలు రాసుకుంటాయి.
అర్థం తర్వాత సంగతి,
ముందు నోరే దాన్ని చేసి చూపిస్తుంది.

ఎనిడ్ పార్గెటర్‌కి మాత్రం అది మాట కాదు,
పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా పని.
లండన్‌లో, క్లార్కెన్‌వెల్ వెనకసందులో
పదకొండు మెట్లు దిగితే
జ్వరం చూసే థర్మామీటర్ల కార్ఖానా.
వెంట్రుక దూరేంత బోలు గొట్టం,
అడుగున పాదరసం తిత్తి.
తిత్తికి రవ్వంత పైన
సూదిమొన లాంటి నీలిమంట తాకించి
గాజు మెత్తబడ్డ ఆ అరక్షణంలో
ఊపిరి బిగబట్టి
దారిని సన్నం చేయాలి.
మూయకూడదు.

"మూశావా, అది ఉత్త గాజుపుల్ల.
మూయలేదా, అది నీళ్ల గొట్టం.
రెంటికీ నడుమ ఉంది నా జీతం" అనేది,
మంట సెగకు నొక్కులు తిరిగిన జుట్టు వెనక్కి తోసుకుంటూ.

కొత్తగా చేరిన బెరిల్‌కి పదహారేళ్లు, నిండా ప్రశ్నలు.
రిస్ట్రిక్ట్ అన్నా ఇదేగా?
"కాదు పిల్లా. అది గోడమీద బోర్డు.
ఎవడో ఆఫీసులో కూచుని సంతకం పెడతాడు.
దీనికి సంతకం అక్కర్లేదు.
గోడలే ఒకదానివైపు ఒకటి జరుగుతాయి.
కొండచిలువ చేస్తుంది, జనవరి చలి వేళ్లకు చేస్తుంది,
మా ఆయన పెళ్లినాటి కాలరు
ఫొటో తీసేలోపే చేసింది."
మరి టైట్ అంటే?
"అది చెప్పుల సంగతి."

సాయంత్రం పరీక్ష.
వేడినీళ్లలో ముంచి, తీసి, చల్లారనిచ్చి చూస్తే
కొన్నిట్లో పాదరసం సడిలేకుండా దిగిపోయేది:
పిరికివి.
కొన్నిట్లో ఎంత విదిలించినా దిగేది కాదు:
మొండివి.
రెండు రకాలూ చెత్తడబ్బాలో గలగలమనేవి.
మిగిలినవే అమ్మకానికి.
వెళ్లేప్పుడు దారి ఇచ్చి, తిరిగొచ్చేప్పుడు తుంచేసే
ఆ సన్నని చోటు వల్ల
ఒంటి వేడి ఆరిపోయాక కూడా
ఎక్కినంత ఎత్తునే నిలబడి
ఎవరో వచ్చి దీపం కింద చదివేదాకా
ఓపిక పట్టేవి.

కార్ఖానా మూతబడింది. ఇప్పుడక్కడ కాఫీ అమ్ముతారట.

ముప్పై ఏళ్ల తర్వాత
ముద్ద దిగని గొంతుతో ఎనిడ్ ఆస్పత్రి బల్ల మీద.
డాక్టర్ కుర్రది, మర్యాదస్తురాలు,
కాగితం మీద నడుము నొక్కిన సీసా లాంటిది గీసి
"ఇక్కడ, అన్నవాహికలో, కన్‌స్ట్రిక్షన్.
అంటే ఏమిటంటే..." అంది.

"తెలుసు" అంది ఎనిడ్.
కళ్లద్దాలు పైకి తోసుకుని
ఆ బొమ్మని, ఎవరి పనో తప్పుబడుతున్నట్టు, చాలాసేపు చూసింది.
"ఎక్కువ బిగించారు.
మంట ఒక్క క్షణం ముందే తీసేయాల్సింది."

బెరిల్ నవ్వలేకపోయింది.
పులుసులా పల్చబరిచిన కస్టర్డు
చెంచాతో పట్టింది, ఏప్రిల్ దాకా.
వార్డులో నర్సులు చెవిలో పెట్టి నొక్కితే
ఓ పెట్టె కీచుమని అంకె చెప్పి, మరుక్షణం మరిచిపోయేది.
అది చూసి ఎనిడ్ మొహం తిప్పుకునేది.

మొన్న చదును చేస్తుంటే, బెరిల్ మనవడు
కుట్టుపని డబ్బాలో దారపుకండెల మధ్య
ఒక పాత థర్మామీటర్ పట్టుకున్నాడు.
కిటికీ వెలుగుకేసి తిప్పాడు.
నూటొకటి మీద ఇంకో గీత.
ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు.
"నానా, ఇది పాడైపోయిందా?"
అంటూనే విదిలించడానికి చెయ్యెత్తాడు.

ఆమె ఆ మణికట్టు పట్టుకుంది.
గట్టిగా కాదు,
గాజుని పట్టినంత.

"పాడవలేదు.
అక్కడ దారి సన్నగా ఉంది, అంతే."